తోటల్లో తిరిగే కుక్కకి స్నానం కంటే ముందు చెయ్యి కావాలి

(వీడియోలో మాట్లాడిన మాటల్ని చదువుకోవడానికి వీలుగా కొంచెం సర్ది ఇక్కడ పెడుతున్నాం.)

నేను బొబ్బిలి నుంచి మాట్లాడుతున్నాను. బొబ్బిలి అనగానే ఎవరికైనా రెండే గుర్తొస్తాయి, ఒకటి పులి, రెండోది వీణ. ఈరోజు ఆ రెండూ కాదు, కుక్క గురించి మాట్లాడుకుందాం.

కిందటి ఎపిసోడ్‌లో మామిడి తోట చూపించినప్పుడు వెనకాల మా కుక్క అటూ ఇటూ తిరుగుతూ కనిపించింది కదా. అప్పట్నుంచి చాలామంది ఒకటే అడుగుతున్నారు. "బొచ్చు అంత నున్నగా ఉంది, ఏ షాంపూ వాడతారండీ?" అని. నిజం చెప్పాలంటే ఆ ప్రశ్న వినగానే నాకు కొంచెం బాధేసింది. ఎందుకంటే ఒకప్పుడు నేను కూడా అదే ప్రశ్న అడిగేవాణ్ణి. ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోవడం వల్ల ఒక కుక్కని పోగొట్టుకున్నాను. ముందు ఆ సంగతి చెప్తాను. తర్వాత ఇప్పుడు రోజూ ఏం చేస్తున్నామో వరసగా చెప్తాను.

భైరవ సంగతి

మా మొదటి కుక్క పేరు భైరవ. లాబ్రడార్. రెండు నెలల పిల్లప్పుడు తెచ్చుకున్నాం. వాడు పెరిగిందంతా తోటలోనే. పొద్దున్నే నాతో వచ్చేవాడు, గట్ల మీద పరుగులు, చెరువులో ఈత, పొదల్లో దూరి ఉడతల వెంట పడటం. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఒళ్ళంతా మట్టి. అందుకని ప్రతి ఆదివారం స్నానం. మేం వాడే షాంపూతోనే తోమేవాళ్ళం. ఆరాక చూస్తే అద్దంలా మెరిసేవాడు. చూసినవాళ్ళందరూ "ఎంత బాగా పెంచుతున్నారండీ" అనేవాళ్ళు. మేం కూడా అదే అనుకున్నాం.

ఒక వానాకాలంలో వాడు తిండి తగ్గించాడు. తోటకి రమ్మంటే లేచేవాడు కాదు. వాన పడుతోంది కదా, బద్ధకం అనుకున్నాం. ఒకరోజు ముక్కులోంచి రక్తం కారింది. పొదల్లో దూరినప్పుడు ముల్లు గుచ్చుకుని ఉంటుందిలే అనుకుని పసుపు రాశాం. అలా నాలుగు రోజులు పోయాయి. ఐదో రోజు డాక్టర్ గారి దగ్గరికి తీసుకెళ్తే ఆయన మందు ముట్టుకోలేదు. ముందు చెవి తిరగేసి చూపించారు. తర్వాత కాలి వేళ్ళు విడదీసి చూపించారు. ఆ సందుల్లో ఆముదం గింజల్లాగా పిడుదులు, రక్తం తాగి ఉబ్బిపోయి ఉన్నాయి. కొన్నిచోట్ల గోమార్లు అంటారు కదా, అవే. రక్త పరీక్ష చేస్తే ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి. టిక్ ఫీవర్ అన్నారు. మందు మొదలుపెట్టిన మూడో రోజు భైరవ పోయాడు.

మెరిసే బొచ్చు కిందే ఇదంతా జరిగిందండీ. ప్రతి ఆదివారం వాడి ఒంటి మీద చేతులు వేసి తోమాం, కానీ చెవుల్లో, వేళ్ళ సందుల్లో ఒక్కరోజు కూడా చూడలేదు.

తర్వాత వారం మేకలు తోలుకుని ఒక తాత తోటవైపు వచ్చాడు. ఆయన వెనకాల ఎప్పుడూ ఒక నాటు కుక్క ఉంటుంది. దానికి ఈ జన్మలో షాంపూ తగల్లేదు. భైరవ ఏడని అడిగాడు. చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఇలా అన్నాడు: "సబ్బెట్టి తోమితే సరిపోద్దేటి బావూ? రోజూ పొద్దుగూకాక ఒల్లంతా తడిమి సూడాల. సెవుల్లో ఏలెట్టి సూడాల." నేను "చూసుకోలేదు తాతా" అన్నాను. అంతే. ఈరోజు ఎపిసోడ్ మొత్తం ఆయన చెప్పిన ఆ రెండు ముక్కలే.

బొచ్చు దేనికి?

ముందు ఇది అర్థం చేసుకుంటే మిగతావన్నీ తేలికవుతాయి. కుక్కలన్నిటికీ బొచ్చు ఒకేలా ఉండదు. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, మన ఇళ్ళల్లో కనిపించే పొమరేనియన్ లాంటి వాటికి రెండు పొరలు ఉంటాయి. పైన కొంచెం గరుకు వెంట్రుకలు, కింద దూదిలాంటి మెత్తని పొర. మన నాటు కుక్కలకీ, కొల్లేరు వైపు పేరున్న జోనంగి లాంటి వాటికీ ఒంటికి అతుక్కున్నట్టు పొట్టి బొచ్చు ఉంటుంది. మన ఎండలకి, మన వానలకి ఆ పొట్టి బొచ్చే సుఖం. తడిస్తే తొందరగా ఆరిపోతుంది, పిడుదు పట్టినా చేతికి వెంటనే తగులుతుంది.

ఇంకోటి. కుక్క చర్మం పైపొర మన చర్మం కంటే పల్చగా ఉంటుంది. మన చర్మానికి కొంచెం ఆమ్ల గుణం ఉంటుంది, కుక్క చర్మానికి అది తక్కువ. అందుకే మన సబ్బులు, షాంపూలు దానికి సరిపడవు. వారం వారం వాటితో తోమితే చర్మంలో ఉండే సహజమైన నూనె పోతుంది. చర్మం పొడిబారుతుంది, దురద మొదలవుతుంది, గోక్కుంటే పుండు పడుతుంది. మేం భైరవకి చేసింది ఇదే. శుభ్రం అనుకుంటూ వాడికున్న రక్షణని మేమే కడిగేశాం.

సాయంత్రం పది నిమిషాలు

ఇప్పుడు మా దగ్గరున్నది నాటు కుక్క. పేరు గంగ. తోట నుంచి ఇంటికి రాగానే, దానికి అన్నం పెట్టేముందే ఈ పని అయిపోవాలి. అన్నం ముందు అని ఎందుకు పెట్టుకున్నామంటే, ఆకలికి అది ఎక్కడికీ పోదు, మనకీ మర్చిపోవడానికి వీలుండదు. వరస ఇదీ.

మొదట తల. చెవి తిరగేసి లోపలి మడతలన్నీ చూడాలి. చెవి అంచు వెంట రెండు వేళ్ళతో నొక్కుకుంటూ వెళ్ళాలి. కంటి రెప్పల చుట్టూ, పెదవి కింద, గడ్డం కింద చూడాలి.

తర్వాత మెడ. బెల్టు తీసి చూడాలండీ, బెల్టు ఉండగా కాదు. చాలామంది చేసే పొరపాటు ఇక్కడే. బెల్టు కింద చీకటి, చెమ్మ. పిడుదులకి అంతకంటే మంచి చోటు లేదు.

ఆ తర్వాత ఒళ్ళు. వెంట్రుకలకి ఎదురుగా, తోక నుంచి తలవైపు వేళ్ళు పోనివ్వాలి. కంటికి కనపడనిది వేలికి తగులుతుంది. ఆవగింజంత గరుకు తగిలినా ఆగి వెంట్రుకలు విడదీసి చూడాలి. చంకలు, తొడల లోపలి వైపు, తోక మొదలు, తోక కింద అన్నీ చూడాలి.

చివరికి కాళ్ళు. ఒక్కో వేలూ విడదీసి సందులో చూడాలి. ఇక్కడ పిడుదులే కాదు, విత్తనాలు కూడా ఇరుక్కుంటాయి. మన గట్ల మీద ఉత్తరేణి ఉంటుంది కదా, పంచెకి అంటుకుంటే ఒక పట్టాన వదలదు. పల్లేరు కాయలు పాదంలో గుచ్చుకుంటాయి. బట్టల్లో దిగిపోయే ముల్లుగడ్డి విత్తనం వీటన్నిటికంటే ప్రమాదం. దాని మొన బాణంలా ఉంటుంది. ముందుకే పోతుంది గానీ వెనక్కి రాదు. వేళ్ళ సందులో చర్మంలోకి దిగితే లోపల లోపలే నడుస్తుంది, చీము పడుతుంది. చెవిలోకి పోతే కుక్క తల విదిలిస్తూనే ఉంటుంది. చెవిలో లోతుగా పోయినదాన్ని మనం పుల్లలు పెట్టి తీయకూడదు. అది డాక్టర్ గారి పని.

ఇంతేనండీ. మొదట్లో అరగంట పట్టేది. ఇప్పుడు పది నిమిషాలు. గంగ తనే వచ్చి వెల్లకిలా పడుకుంటుంది.

పిడుదు కనిపిస్తే

చేతి గోళ్ళతో గిల్లి నలపకండి. దాని లోపలి రక్తం మన చేతికి తగలకూడదు. అగరబత్తితో కాల్చడం, కిరసనాయిలు పొయ్యడం లాంటివి కూడా వద్దు. సన్నని మొన ఉన్న శ్రావణం తీసుకుని, పిడుదు పొట్ట దగ్గర కాదు, చర్మానికి ఆనించి దాని తల దగ్గర పట్టుకోవాలి. మెలితిప్పకుండా నిదానంగా తిన్నగా పైకి లాగాలి. వచ్చాక స్పిరిట్ ఉన్న చిన్న సీసాలో వేసెయ్యాలి. కరిచిన చోట పోవిడోన్ అయోడిన్ అద్దాలి. తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి. అది ఎంత తొందరగా ఊడితే అంత మేలు. రోగం కుక్క రక్తంలోకి ఎక్కడానికి వారాలు అక్కర్లేదు, అది కరిచి పట్టుకున్న గంటల్లోనే మొదలవుతుంది. అందుకే "ఆదివారం చూద్దాంలే" అనే మాట పనికిరాదు.

ఇప్పుడు అసలు రహస్యం చెప్తాను. కుక్క మీద మీకు కనిపించేవి కొన్నే. మిగతావి మీ గోడల్లో ఉన్నాయి. మన దగ్గర కుక్కలకి పట్టేది ఎక్కువగా గోధుమ రంగు కుక్క పిడుదు. ఆడ పిడుదు కడుపునిండా రక్తం తాగి కిందకి రాలిపోతుంది. ఏ గోడ పగుల్లోనో, పాత గోనెసంచి మడతలోనో దూరి వేలల్లో గుడ్లు పెడుతుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల కుక్క మీద ఎక్కుతుంది, తాగుతుంది, రాలుతుంది, ఒళ్ళు మార్చుకుంటుంది, మళ్ళీ ఎక్కుతుంది. ఇలా మూడుసార్లు. వెచ్చగా, చెమ్మగా ఉంటే రెండు మూడు నెలల్లో ఒక తరం అయిపోతుంది. కాబట్టి కుక్కకి ఎంత మందు వేసినా అది పడుకునే చోటు బాగుచెయ్యకపోతే మళ్ళీ మొదటికే వస్తుంది. మేం షెడ్డులో పగుళ్ళన్నీ సిమెంటుతో పూడ్చాం. పాత గోనెలు తగలబెట్టేశాం. ఇప్పుడు గంగకి ఒక పాత దుప్పటే పక్క. వారానికోసారి వేడినీళ్ళలో ఉడకేసి ఎండలో వేస్తాం.

మందులు ఉన్నాయా అంటే ఉన్నాయి. మెడ వెనక చర్మం మీద వేసే చుక్కలు, నమిలే మాత్రలు, మెడకి కట్టే పట్టీలు. ఏది వాడాలన్నా కుక్క బరువు చూసి డాక్టర్ గారే చెప్పాలి. ఎప్పుడైనా దానికి మూర్ఛ వచ్చి ఉంటే ఆ సంగతి ముందే చెప్పండి, కొన్ని మాత్రలు అలాంటి వాటికి పడవు. ఇంట్లో పిల్లి కూడా ఉంటే అదీ చెప్పండి. కుక్కలకి వేసే పెర్మెత్రిన్ చుక్కలు పిల్లికి తగిలితే ప్రాణం మీదకి వస్తుంది.

ఇంకో మాట, దండం పెట్టి చెప్తున్నాను. పొలానికి కొట్టే పురుగుమందు కుక్కకి రాయకండి. పశువులకి వాడే పిడుదుల మందు అంచనాగా నీళ్ళల్లో కలిపి పొయ్యకండి. ఫినాయిల్‌తో కడగకండి. కుక్క ఒళ్ళు నాక్కుంటుంది. ఒంటి మీద రాసిందంతా కడుపులోకి పోతుంది.

స్నానం, దువ్వడం

స్నానం వద్దని కాదు. నెలకోసారి, లేకపోతే మరీ కంపు కొట్టినప్పుడు, కుక్కల షాంపూతో పోస్తే చాలు. మామూలు మట్టికి షాంపూ అక్కర్లేదు. మట్టి తడిగా ఉండగా తుడిస్తే ఇంకా పులుముకుంటుంది. ఆరనిచ్చి దువ్వితే పొడిలా రాలిపోతుంది. పొట్టి బొచ్చుకి రబ్బరు పళ్ళ బ్రష్షు, రెండు పొరల బొచ్చుకి సన్నని తీగ పళ్ళ బ్రష్షు వాడండి. పొట్టి బొచ్చుకి వారానికి ఒకటి రెండుసార్లు చాలు. రెండు పొరలవాటికి వారానికి మూడుసార్లయినా దువ్వాలి. లోపలి పొర ఊడి చిక్కుపడిపోతే గాలి ఆడదు. ఆ చిక్కు కింద చెమ్మ చేరి పుండ్లు పడతాయి. ముఖ్యంగా చెవి వెనక, చంకల్లో, తొడల వెనక. చిక్కుని తడిపితే ఇంకా బిగుసుకుంటుంది. కాబట్టి స్నానానికి ముందే దువ్వాలి, తర్వాత కాదు.

ఎండాకాలం వచ్చిందంటే చాలామంది జర్మన్ షెపర్డ్‌కీ, లాబ్రడార్‌కీ గుండు గీయించేస్తారు. పాపం ఉడికిపోతోందని. అది మంచి ఉద్దేశమే, కానీ పని తప్పు. కుక్కకి మనలాగా ఒంటినిండా చెమట పట్టదు. నాలుక బయటపెట్టి రొప్పుతూ వేడి తగ్గించుకుంటుంది. ఆ బొచ్చు చలికే కాదు, ఎండకి కూడా అడ్డం. చర్మం దాకా గీసేస్తే ఎండ నేరుగా తగులుతుంది. తర్వాత కొన్నిటికి వెంట్రుకలు సరిగ్గా రావు కూడా. గీయించే బదులు బాగా దువ్వి లోపలి పొర తీసెయ్యండి, నీడ, నీళ్ళు ఇవ్వండి. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఎండెక్కకముందు, సాయంత్రం పొద్దు వాలాక మాత్రమే బయటికి తిప్పండి. రాజపాళయం లాంటి తెల్ల కుక్కలకి గులాబీ రంగు ముక్కు, చెవి కొనలు ఎండకి కమిలిపోతాయి, వాటిని మరీ జాగ్రత్తగా చూసుకోవాలి. తారురోడ్డు మీద నడిపించే ముందు మీ అరచేతి వెనకవైపు రోడ్డుకి ఆనించి ఏడు అంకెలు లెక్కపెట్టండి. మీరు ఓర్చుకోలేకపోతే దాని పాదాలు కూడా ఓర్చుకోలేవు.

వానాకాలం

మాకు వేగావతి వైపు గట్ల మీద వానలు పడ్డాక గడ్డి నడుముల దాకా పెరుగుతుంది. అప్పుడే అసలు కష్టం. తడిసి వచ్చిన కుక్కని ముందు పొడి గుడ్డతో తుడవండి. వీపు అందరూ తుడుస్తారు. పొట్ట కింద, చంకల్లో, వేళ్ళ సందుల్లో తుడవాలి. చెవులు వేలాడే కుక్కలకి చెవి లోపల చెమ్మ ఉండిపోతుంది, చీము, కంపు మొదలవుతాయి. పైకి కనిపించినంతవరకు దూదితో అద్దండి, లోపలికి పుల్ల పెట్టకండి. చెరువులో ఈదితే ఇంటికొచ్చాక మంచినీళ్ళతో ఒకసారి ఒళ్ళు కడగండి. ఎలుకల మూత్రం కలిసిన నిలవ నీళ్ళ నుంచి లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు వస్తుంది, అది మనుషులకీ అంటుకుంటుంది. రేబిస్ టీకాతో పాటు దానికీ టీకా వేయించారా లేదా అని డాక్టర్ గారిని అడగండి.

చిన్న గాయం ఉన్నా వానాకాలంలో ఈగ వాలి గుడ్లు పెడుతుంది. ఒక్క రోజులో పురుగులు పడతాయి. పొడుగు బొచ్చు కింద అది కనపడదు, ముందు వాసన వస్తుంది. గాయం చుట్టూ వెంట్రుకలు కత్తిరించి, శుభ్రం చేసి, వెంటనే చూపించండి. పెట్రోలు, ఫినాయిల్ పొయ్యకండి.

తరచూ అడిగేవి రెండు

వేపాకు నీళ్ళు పొయ్యొచ్చా అని అడుగుతారు. వేపాకు కాచి చల్లార్చిన నీళ్ళు ఒంటికి పోస్తే నష్టం లేదు, మేమూ పోస్తాం. కానీ పట్టుకున్న పిడుదు దానితో ఊడిపోదు. అది మందుకి బదులు అనుకోవద్దు.

గోళ్ళు కత్తిరించాలా అంటే, బయట తిరిగే కుక్కకి నేల మీద అవే అరిగిపోతాయి. కానీ ముందు కాళ్ళకి లోపలివైపు పైన ఉండే గోరు నేలకి తగలదు. అది వంకర తిరిగి చర్మంలోకి గుచ్చుకుంటుంది. నెలకోసారి దాన్ని చూడండి. కత్తిరిస్తే కొస మాత్రమే కత్తిరించండి, లోపల రక్తనాళం ఉంటుంది.

ఇవి కనిపిస్తే ఆగొద్దు

చివరిగా, దీన్ని ఎక్కడైనా రాసి పెట్టుకోండి. తిండి మానెయ్యడం, జ్వరం, లేవకపోవడం. ముక్కులోంచి రక్తం. పొట్ట మీద చర్మం కింద ఎర్రని చుక్కలు. చిగుళ్ళు పాలిపోవడం. మూత్రం కాఫీ రంగులో రావడం. కళ్ళు పచ్చబడటం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అదే రోజు పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళండి. "ఈమధ్య పిడుదులు కనిపించాయి" అని మీరే ముందు చెప్పండి, రక్త పరీక్ష అడగండి. దగ్గర్లో కుదరకపోతే మన వైపు గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది, అక్కడ కనుక్కోండి. టిక్ ఫీవర్‌లో ఎక్కువగా వచ్చే ఎర్లీకియా అనే రకానికి డాక్సీసైక్లిన్ అనే మందు ఉంది, ఖరీదైనది కూడా కాదు. సాధారణంగా నాలుగు వారాలు వాడాలి. రెండు రోజుల్లో కుక్క లేచి తిరిగిందని మధ్యలో ఆపేయకూడదు. మొదట్లోనే పట్టుకుంటే చాలా కుక్కలు బతుకుతాయి. మేం నాలుగు రోజులు పసుపు రాస్తూ కూర్చున్నాం. ఆ నాలుగు రోజులే తేడా.

కాబట్టి ఏ షాంపూ అంటే, నా దగ్గర పేరేమీ లేదండీ. ఈరోజు సాయంత్రం మీ కుక్క ఇంటికి రాగానే దాని మెడ బెల్టు తీసి, చెవులు తిరగేసి, కాలి వేళ్ళు విడదీసి ఒక్కసారి చూడండి. ఏమీ లేకపోతే సంతోషం. ఉంటే ఈరోజే దొరికాయి కదా, అదీ సంతోషమే.

వచ్చే ఎపిసోడ్‌లో మామిడి పూత సంగతి మాట్లాడుకుందాం. ఉంటానండీ, నమస్కారం.